రెండో పిలుపు

పోయిన వారం ఒక సాయంత్రం, కరెంటు ఉండగానే పాఠం ముగించెయ్యాలన్న ఆరాటంతో నేను పిల్లలకి త్రికోణమితి చెబుతున్నాను. నా విద్యార్థులు ఇప్పుడు లాప్‌టాప్ తెర మీద గళ్ళలో ఉంటారు. వాళ్ళ వాళ్ళ వీధుల్లో కరెంటు పోతున్నకొద్దీ ఒక్కొక్క గడీ నల్లబడుతూ వస్తుంది. చివరికి వచ్చేసరికి సగం చీకటి గళ్ళే మిగులుతాయి. హాజరు పిలిస్తే ఆ చీకట్లోంచే కొందరు పలుకుతారు. యాంగోన్‌లో లెక్కలు చెప్పేవాళ్ళందరం దీనికి అలవాటు పడిపోయాం. ఆవేళ సైన్ సూత్రం దగ్గర ఉండగా మా బాల్కనీలో గంట మోగింది. ఒక్కసారే. నేను చెప్పుకుపోతూనే ఉన్నాను. "టీచర్, మీ గంట మోగింది, ఎవరో వచ్చారు" అంది ఒక అమ్మాయి. "రెండోసారి మోగితే చూద్దాంలే" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వేశాను గానీ, ఆ తర్వాత వేసిన లెక్కలన్నిట్లోనూ గుర్తులు తప్పుగా పడ్డాయి. గంట మళ్ళీ మోగలేదు.

ఈ గంట సంగతి ముందు చెప్పాలి. మేముండేది మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు స్టేషనుకు దగ్గరలో, లిఫ్టు లేని మేడలో నాలుగో అంతస్తు. ఈ ఊళ్ళో మేడల మీద ఉండేవాళ్ళ బాల్కనీల నుంచి వీధిలోకి తాడు ఒకటి వేలాడుతుంది. కింది కొసన క్లిప్పు, పైన చిన్న గంట. వచ్చినవాళ్ళు తాడు లాగుతారు, పైవాళ్ళు తొంగిచూసి తాళంచెవి క్లిప్పుకి తగిలించి దింపుతారు. పేపరు, ఉల్లిపాయలు, పెళ్ళిపిలుపులు అన్నీ ఆ తాడు మీదే పైకి వస్తాయి. ఇంతవరకూ అందరికీ ఒకటే. మా ఇంటికి మాత్రం అదనంగా మా మామ్మ పెట్టిన చట్టం ఒకటి ఉండేది. పొద్దుగూకాక గంట ఒకసారి మోగితే ఎవరూ కదలకూడదు. "సీకటడ్డాక బయటినుంచి పిలిత్తే ఓపాలికి పలక్కు. మనిసైతే రెండోపాలి పిలుత్తాడు. అదైతే పిలవదు" అనేది. అదంటే ఏమిటి మామ్మా అని అడిగితే, "అదే" అనేది. మా మామ్మ మామగారు విశాఖ తీరంలో ఓడెక్కి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చారట. సామానేం తెచ్చుకున్నారో తెలియదు గానీ ఈ భయాన్ని మాత్రం భద్రంగా మూటగట్టి తెచ్చారు. ఇన్సేన్‌లో ఉండే మా మేనత్త ఒకసారి వేరుశనగకాయలు ఉడకబెట్టుకుని వానలో వచ్చి, గంట ఒక్కసారే లాగి, తడుస్తూ నిలబడి నిలబడి, తిరుగు రైలెక్కి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో పుట్టి పెరిగి చట్టం మరిచిపోయిందని మామ్మ ఆమెనే తిట్టింది. అప్పట్నుంచి మా మేనత్త వచ్చిందంటే ఎదురింటివాళ్ళు కూడా బయటికి వచ్చి చూసేటట్టు తాడు లాగేది.

ఇంకో సంగతి. మా వాళ్ళలో ప్రతి పిల్లకీ రెండు పేర్లుంటాయి. ఇంట్లో పిలిచే తెలుగు పేరు ఒకటి, బళ్ళో వేసేటప్పుడు పెట్టే బర్మా పేరు ఒకటి. బర్మా పేర్లు పుట్టింది ఆదివారమా, సోమవారమా అన్నదాన్ని బట్టి పెడతారు కాబట్టి, ఒకే వారంనాడు పుట్టిన ఆడపిల్లలు ఒకే పేరుతో వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నా బడిపేరు ఇక్కడ రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

హైస్కూలు అయిపోయి మందుల షాపులో పనికి కుదిరిన కొన్నేళ్ళకు నాకు మళ్ళీ చదువు మీదకి మనసు పోయింది. డబ్బాల మీద పేర్లు చదివి చదివి, వాటి లోపల ఏముందో తెలుసుకోవాలనిపించింది. అప్పుడే రేవు వైపు లమ్మడా పేటలో చిన్న ప్రైవేటు కాలేజీ ఒకటి వెలిసింది. సాయంత్రం తరగతులు. రెండేళ్ళు అక్కడ లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి అన్నీ ప్యాసైతే, ఆ మార్కులు పట్టుకుని థాయ్‌లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయానికి బదిలీ అయి నేరుగా మూడో ఏడాదిలో కూర్చోవచ్చు. ఒక్క పేపరు పోయినా బదిలీ లేదు. మా బోటివాళ్ళకి పైచదువుకు ఉన్నది ఆ ఒక్క దారే. మా అమ్మానాన్నా వద్దనలేదు, సరేననీ అనలేదు. మామ్మ మాత్రం, "సదువుకో, కానీ సీకటడ్డాక మెట్లమీద ఎవులు పిలిసినా పలక్కు" అని ఆశీర్వదించింది.

ఆ కాలేజీ ఎండుచేపల గిడ్డంగి మీద ఉండేది. కింద టోకు వ్యాపారం, మధ్యలో కాపురాలు, పైన మేము. కలనగణితం పుస్తకం తెరిస్తే ఇప్పటికీ నాకు ఎండురొయ్యల వాసన వస్తుంది. మెట్ల మలుపులో ఇల్లు కాచే నాట్ దేవుడికని ఎర్రగుడ్డ చుట్టి కట్టిన కొబ్బరికాయ వేలాడేది. కరెంటు పోయినప్పుడు ఎక్కితే అది నుదుటికి తగిలేది. తగిలిన ప్రతిసారీ నేను దానికి క్షమాపణ చెప్పేదాన్ని. తరగతి గదిలో పొడుగాటి బల్లలు, గోడకి నల్లబోర్డు, కిటికీ కింద రేవు దిక్కునుంచి వచ్చే లారీల మోత. ఆఖరి వరసలో కిటికీ పక్క చోటు ఎప్పుడూ ఖాళీ. వాన జల్లు పడుతుందని ఎవరూ కూర్చోరేమో అనుకున్నాను. వాన లేని నెలల్లో కూడా ఎవరూ కూర్చోలేదు. అది మాత్రం అప్పట్లో నేను పట్టించుకోలేదు.

లెక్కలు చెప్పే ఆవిడను అందరం సయామ అనేవాళ్ళం. ఇక్కడ టీచరమ్మలకు అదే పిలుపు. పెళ్ళి చేసుకోని మనిషి, సన్నటి గొంతు, చెంపల మీద తనకా గంధం గుండ్రంగా రాసుకుని, లుంగీ అంచుకి సుద్ద అంటకుండా ఎడంచేత్తో కొంచెం ఎత్తిపట్టుకుని బోర్డు మీద రాసేది. మొదటిరోజు హాజరు పిలిచేవేళకి చీకటి పడింది, కరెంటు పోయింది. ఆవిడ నా పేరు పిలిచింది. పుట్టి పెరిగిన అలవాటు, నోరు మెదపలేదు. సయామ కాసేపు ఆగింది. మళ్ళీ అదే పేరు పిలిచింది. అప్పుడు "షిన్" అన్నాను. బర్మా ఆడపిల్లలు 'చిత్తం' అన్నట్టు పలికే మాట అది. మర్నాడూ అంతే. మిగతావాళ్ళ పేర్లు ఒకసారే పిలిచేది, నా పేరు మాత్రం రెండుసార్లు, మధ్యలో కాస్త ఆగి. ఆవిడకి నా అలవాటు అర్థమైపోయిందనీ, ఏమీ అడగకుండానే మన్నించిందనీ నేను మురిసిపోయాను. అమ్మకు చెబితే, "పెద్దమనిసి" అంది. మామ్మ అయితే ఆవిడ కోసం ఒకరోజు అరిసెలు కట్టి ఇచ్చింది. సయామ ఒకటి తిని, రెండోది ఆకులో చుట్టి దాచుకుంది.

వానాకాలం వచ్చాక ఒక సాయంత్రం, మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీలో, ఎవరో "షిన్" అన్నారు. చిన్న గొంతు, ఆడపిల్లది. నా వెనకనుంచి వచ్చింది. నేను తిరిగి చూశాను. కిటికీ, ఖాళీ బల్ల, అంతే. సయామ తల ఎత్తకుండా మళ్ళీ నా పేరు పిలిచింది. నేను పలికాను. పక్కవాళ్ళు లెక్క దించుకుంటున్నారు. వర్షం హోరులో ఏదో వినబడిందిలే అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత అది తరచుగా రావడం మొదలైంది. వచ్చిన రోజున గదిలో తడి తనకా వాసన వేసేది, అప్పుడే అరగదీసిన చెక్క వాసన. భయం వేసింది, ఎందుకు వెయ్యదు? కానీ తరగతి మానేస్తే చదువు పోతుంది. చదువు పోతుందన్న భయం ముందు మిగతా భయాలన్నీ వరసలో నిలబడవలసిందే. ఒకరోజు సయామ నన్ను బోర్డు దగ్గరికి పిలిచింది. సమాకలనం మధ్యలో ఆగిపోయాను. "మైనస్" అని వెనకనుంచి మెల్లగా అందించారు ఎవరో. రాసేశాను. సరిగ్గా వచ్చింది. అందించిందెవరా అని తిరిగితే, సయామ నన్ను చూడటం లేదు. కిటికీ పక్క బల్లకేసి చూస్తోంది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లని చూసినట్టు ముఖం మెరుస్తోంది. ఆవిడకీ వినబడుతోందని నాకు అప్పుడు తెలిసింది.

ఆఖరి పరీక్ష కలనగణితం. మిగతావన్నీ గట్టెక్కాను, అదొక్కటే మిగిలింది. వానకి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. ఆవేళ కాపలాకి బయటి కాలేజీ నుంచి ఒకాయన వచ్చాడు. తొందర మనిషి, హాజరు గబగబా పిలుచుకుపోతూ, పలికినవాళ్ళ దిక్కుకు నడిచి బల్ల మీద ప్రశ్నపత్రం పెట్టేస్తున్నాడు. నా పేరు పిలిచాడు. రెండో పిలుపు కోసం నోరు మూసుకుని కూర్చున్నాను. ఇలాంటి పొరపాటు మా ఇంట్లో పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. వెనకనుంచి స్పష్టంగా "షిన్" అని వినబడింది. ఆయన చేతిలో కాగితాలు చూసుకుంటూనే నన్ను దాటి వెళ్ళి, కిటికీ పక్క ఖాళీ బల్ల మీద ప్రశ్నపత్రం పెట్టి, దాని పక్కన జవాబు కాగితం కూడా సర్ది వచ్చి తర్వాతి పేరు పిలిచాడు. నేను చెయ్యెత్తి, ఆ పేరు నాది సార్ అన్నాను. "మరి పలికిందెవరు?" అని వెనక్కి చూశాడు. అప్పుడు చూశాడు, అక్కడెవరూ లేరని. విడిగా ఉన్న ఇంకో పత్రం తెచ్చి నా చేతిలో పెట్టాడు గానీ, ఆ బల్ల మీది దాన్ని మాత్రం తియ్యలేదు. నాకు ఒక్క లెక్కా కనబడలేదు. వీపు వెనక కాగితం తిరగేసిన చప్పుడు వినబడుతూనే ఉంది. గాలేనేమో. ఖాళీ కాగితం ఇచ్చి బయటికి వచ్చేశాను. వస్తూ తలుపు దగ్గర చూస్తే, సయామ వచ్చి ఆ బల్ల మీది పత్రాన్ని మడిచి సంచీలో పెట్టుకుంటోంది.

సంగతంతా ఆ సాయంత్రమే మామ్మకి చెప్పేశాను. తిరిగి రాసే అవకాశం ఒక్కసారే ఉంది, అదీ తప్పితే బదిలీ మాట మరిచిపోవడమే. మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "ఎవుల పిల్లే అది? పేరేటి?" అంది. "నా పేరే గావాల మామ్మా" అన్నాను. చాట కింద పెట్టేసింది. "రేపు నానొత్తాను. ఆ సయామతో మాటాడాల."

వచ్చింది. ప్రతి మలుపులోనూ కూర్చుని, ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకుని, కొబ్బరికాయకి దణ్ణం పెట్టి, పైకి ఎక్కింది. తిరిగి రాసేవాళ్ళకి పెట్టిన తరగతికింకా వేళ కాలేదు, సయామ ఒక్కతే ఉంది. మామ్మ బర్మా భాష సంతబేరాలకు సరిపోయేంతే, మిగతాది నేను అటూ ఇటూ మార్చి చెప్పాను. మీరు మొదటిసారి పిలిచేది ఎవరిని అని మామ్మ అడిగించింది. సయామ ఆశ్చర్యంగా నాకేసి చూసింది. "నీకు తెలుసనుకున్నానే" అంది. తెలిసే, ఆ పిల్ల వంతు అయ్యేదాకా ఆగి పలుకుతున్నాననుకుందట. ఇంత మంచి పిల్ల ఎక్కడుంటుందని మురిసిపోయిందట. ఆవిడా నన్ను చూసి మురిసిందన్న మాట!

ఆ అమ్మాయి సయామ అక్క కూతురు, బడిపేరు నాదే. తల్లి లేకపోతే సయామే పెంచింది. నాకన్నా ముందు జట్టులో అదే గదిలో, కిటికీ పక్కన కూర్చుని చదివింది. థాయ్‌లాండ్‌లో సీటు వచ్చింది, కలనగణితం ఒక్కటే మిగిలింది. ఆ పరీక్ష ముందు డెంగీ జ్వరం వచ్చి చనిపోయింది. ఇక్కడొక ఆచారం ఉంది. ఆఫీసులోనో ఆసుపత్రిలోనో పనిచేసే మనిషి పోతే, పై అధికారి గట్టిగా చెబుతాడు, నీ పని అయిపోయింది, సెలవిస్తున్నాను, వెళ్ళు అని. చెప్పకపోతే ఆ జీవి రోజూ పనికి వస్తూనే ఉంటుందని నమ్మకం. సయామకి ఆ ఆచారం తెలుసు. నోరు రాలేదంతే. కొత్త జట్టు వచ్చినప్పుడు పాత పేరు ఒకసారి పిలిచిందట, ఊరికే. ఆ పిల్ల పలికిందట.

"సెప్పీయమ్మా" అంది మామ్మ. "నీ పరీచ్చ అయిపోనాది, ఎల్లిపో అని సెప్పీ. నువ్వు సెప్పకపోతే దానికెలగ తెలుత్తాది? పాపం, వానలో తడిసి రోజూ బడికొచ్చి కూకుంతంది." నేను బర్మీస్‌లోకి మార్చి చెప్పాను. సయామ మొహం ఎర్రబడింది. "వెళ్ళమంటే వెళ్ళిపోతుంది. తర్వాత నన్ను పలకరించేదెవరు?" అంది. మామ్మ ఏదో అనబోయింది. సయామ లేచి తలుపు తీసి పట్టుకుంది, మేము వెళ్ళాలని. మామ్మ గెలుస్తుందనుకుని వచ్చిన నేను బిక్కమొహంతో మెట్లు దిగాను. మామ్మ నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. భయపడ్డావా అని అడిగితే ఒప్పుకోలేదు. కొబ్బరికాయ దగ్గర ఆగి, "నాను పోయినాక నాకూ అలగే సెప్పీయే అమ్మీ. ఎల్లిపో మామ్మా అని గట్టిగ సెప్పు. మొగమాటపడకు" అంది. నేను నవ్వాను. ఆ వయసులో ఇలాంటివి నవ్వుకోడానికే ఉంటాయి.

వానలో తడుస్తోందన్న మామ్మ మాట రాత్రంతా పని చేసిందేమో, మర్నాడు సయామ తరగతికి కొత్త లుంగీ కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని వచ్చింది. హాజరు పిలుస్తూ పిలుస్తూ నా పేరు దగ్గరికి వచ్చి ఆగింది. పిలిచింది. కిటికీ దగ్గరనుంచి "షిన్" అని వినబడింది. సయామ నిలబడి, ఆ బల్లకేసి చూస్తూ, రోజూ లెక్క చెప్పే గొంతుతోనే చెప్పింది. "నువ్వు ప్యాసయ్యావు. ఇంక రేపటినుంచి రానక్కర్లేదు. నీకు సెలవిస్తున్నాను, వెళ్ళమ్మా." ఏమీ జరగలేదు. కింద గిడ్డంగిలో ఎవరో కాటా మీద బస్తా పడేశారు. తనకా వాసన కాసేపుండి, మళ్ళీ ఎండురొయ్యల వాసనే వచ్చింది. సయామ నా పేరు రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచాక పలికాను. ఆ తర్వాత ఆవిడ నా పేరు ఎప్పుడూ ఒకసారే పిలిచింది, పిలిచాక మాత్రం కాసేపు ఆగేది. ఆ ఆగడం వినలేక నేను మొదటి పిలుపుకే పలకడం నేర్చుకున్నాను. తిరిగి రాసిన పరీక్షరోజునా అంతే, కాపలా ఆయన పిలిచీ పిలవగానే పలికాను. మామ్మ చట్టాన్ని తెలిసి తెలిసి మీరడం నా బతుకులో అప్పుడే మొదలు. లెక్కలన్నీ వచ్చాయి. మైనస్ గుర్తులు కూడా నేనే వేసుకున్నాను.

బదిలీ అయ్యాను, చదివాను, తిరిగి వచ్చాను. సెలవిచ్చి పంపిన పిల్లని మళ్ళీ పిలిచినట్టవుతుందనే ఆ పేరు ఇక్కడ రాయలేదు. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, గిడ్డంగి ఉంది. మా మామ్మ పోయిన వానాకాలంలో పోయింది. చివరిదాకా సాయంత్రం పూట తమలపాకులకి తానే కింది కొట్టుకు దిగి వెళ్ళేది. తిరిగొచ్చి తాడు ఒకసారి లాగి, కాస్త ఊపిరి తీసుకుని, తన చట్టం ప్రకారం రెండోసారి లాగేది. నేను తాళంచెవి దింపేదాన్ని. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ సంజెవేళ మా గంట ఒకసారి మోగుతోంది. అమ్మ గాలి అంటుంది. గాలి లేనప్పుడూ మోగుతుంది. నేను అడుగు కదపను. రెండోసారి లాగడానికి ఊపిరి తీసుకుంటోందేమో అని చెవులు రిక్కించి కూర్చుంటాను.

ఏం చెప్పాలో నాకు తెలుసు. మాట మాటా తనే నేర్పి వెళ్ళింది. పోయిన వారం ఆ సాయంత్రం, పిల్లలకి పాఠం ముగించి, ఇవాళ చెప్పెయ్యాలని బాల్కనీలోకి వెళ్ళాను. వాన వెలిసింది. కింద వీధిలో దీపాల్లేవు, తాడు నిలకడగా వేలాడుతోంది. నోరు తెరిచాను. "మెట్లు తడిగా ఉన్నాయి మామ్మా, చూసుకుని ఎక్కు" అన్నాను. అని, తాళంచెవి కూడా దింపాను. సయామని అప్పుడు తలుచుకుని ఏడ్చాను. గడిచిన కాలం తనంతట తాను వెళ్ళిపోదు, ఎవరో ఒకరు నోరు తెరిచి వెళ్ళమనాలి. ఆ మాట అనడానికి నాకింకా కొంచెం కాలం కావాలి.